మిగిలిన రెండు మాత్రలు

“ఈ చీటీ రాసింది నువ్వేనా?”

“నేనే.”

“సంతకం?”

“నాదే అక్కా.”

“డైక్లోఫెనాక్. రోజుకు రెండు, ఐదు రోజులు. పేషెంటు పేరు మొండయ్య. శనివారం సాయంత్రం ఏడూ యాభై. గుండెలో కవాటం మార్చిన మనిషి. రక్తం పలచబడే మాత్ర రోజూ మింగే మనిషి. అలాంటివాడికి నొప్పి మాత్ర రాశావా?”

“చీటీ నాదే. మొండయ్యకు మాత్రం రాయలే,” అంది డాక్టర్ వినోద.

నాకు ఒళ్ళు మండింది. బుధవారం ఉదయం పదకొండైంది. నాలుగు గంటలకు ట్రస్టు కమిటీ కూర్చుంటుంది. ఈ అమ్మాయిని గోడాదరా క్లినిక్ నుంచి తీసేసి, మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపే కాగితం అప్పటికే టైపై ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. ఐదు గంటల్లో నాకు ఆధారం కావాలి, ఈవిడేమో పొడుపుకథ విప్పమంటోంది.

నా పేరు పద్మిని. ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి ఫార్మసీలో పనిచేశాను. ఇప్పుడు డాక్టర్లు రాసే చీటీల మీద దర్యాప్తు చేస్తుంటాను. సూరత్‌లో మా ట్రస్టుకు పద్నాలుగు క్లినిక్కులున్నాయి. ఎవరు మందులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తున్నారో, ఎవరు అడ్డదిడ్డంగా రాస్తున్నారో తేల్చే కొలత కావాలంటే కూర్చుని తయారుచేసింది నేనే. వంద మందిలో ఎంతమందికి యాంటీబయాటిక్ ఇచ్చారు, ఎంతమందికి సూది పొడిచారు, కలపకూడని మందులు ఎంతమందికి కలిపారు, ఇలాంటివి పది లైన్లు. నా వెనక నన్ను చీటీల పోలీసు అంటారు. అననీండి, నాకది బిరుదే.

ఆ నా కొలతలోనే వినోద పద్నాలుగో స్థానంలో, అట్టడుగున ఉంది. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఈ గల్లీల్లో ముప్ఫై ఏళ్ళు సాంచలు నడిపిన మనిషి కూతురు. ఆ సాంచల, అంటే మరమగ్గాల, మోత వింటూ చదివి డాక్టరైన మొదటి పిల్ల. ఈవిడ ఇక్కడ కుర్చీలో కూర్చున్న రోజు నేను కూడా ఊరంతా చెప్పుకుని మురిశాను. నేను చేసిన కత్తే ఈవిడ మెడ మీదికి వచ్చిందంటే నాకు నిద్ర ఎలా పడుతుంది?

“మొండయ్య నీకు తెలుసా?” అన్నాను.

“తెలువకేంది? పోయిన నెల మూడు మాట్ల వచ్చిండు. భుజం గుంజుతుంది, సూది ఇయ్యి, గట్టి గోలి ఇయ్యి అని కొట్లాడిండు. నీ గుండె గోలి మీద గా గోలి పడితే కడుపుల రక్తం కారుతది, జర ఓపిక పట్టు అన్న. కోపం జేసి పోయిండు. గట్లాంటోనికి నేనే ఎట్ల రాస్త అక్కా?”

“మరి పేరు?”

“పేరు బయట ప్రమీల కంప్యూటర్ల కొట్టి ప్రింట్ తీస్తది. పేషెంటు గా కాయితం పట్టుకొని లోపలికొస్తడు. నేను మొకం చూస్త, నొప్పి అడుగుత, మందు రాస్త. శనివారం తొంభై మంది.”

“కాగితం మీద పేరు చూడకుండా రాస్తావా? బుద్ధుందా నీకు?”

వినోద తల దించుకుంది. “గది నా తప్పే. బరాబర్ ఒప్పుకుంట. కానీ శనివారం నా ముంగట కూసున్నది మొండయ్య కాదు.”

“ఎవరు?”

“యాదికి వస్తలేదు.”

మొండయ్యనే అడుగుదామంటే మాట్లాడే స్థితిలో లేడు. మంగళవారం తెల్లవారుజామున ఐదింటికి సాంచల దగ్గరే రక్తం కక్కుకుని పడిపోయాడు. ఐసీయూలో నోట్లో గొట్టంతో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదన్నారు, అదొక్కటే నయం.

అప్పుడే తలుపు తోసుకుని భానుప్రకాశ్ వచ్చాడు. ట్రస్టులో లెక్కల కంప్యూటర్లన్నీ అతని చేతి కిందే. నేను కాగితాల మీద చేసిన కొలతను సాఫ్ట్‌వేర్‌గా మార్చి, దానికి రంగులూ ర్యాంకులూ తగిలించిన ఘనుడు. చురుకైనవాడు, కాదనను. ఆ చురుకు చూసుకుని అతనికున్న పొగరే నాకు పడదు.

“ఇంకా విచారణేమిటండీ పద్మినిగారూ? చీటీ ఉంది, సంతకం ఉంది, టైముంది. రక్తం కక్కుకున్న మనిషున్నాడు.”

“నా పద్ధతిలో పదో లైను ఏమైంది భానుప్రకాశ్?”

“ఏ లైను?”

“పదిమంది పేషెంట్లలో ఒకరి ఇంటికి వెళ్ళి, చీటీలో ఉన్న మందూ చేతిలో ఉన్న మందూ ఒకటేనా అని చూడాలని రాశాను. నీ సాఫ్ట్‌వేర్‌లో తొమ్మిదే ఉన్నాయి.”

“రెండు క్లిక్కుల్లో వచ్చేదానికి గల్లీలు పట్టుకు తిరగమంటారా? పద్నాలుగు క్లినిక్కులకు అది కుదిరే పని కాదు.” అతను ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. “ఇది చూడండి. ఆదివారం ఉదయం ఏడూ నలభైకి ఇదే మొండయ్య డిండోలిలో మన వంశీధర్ గారి క్లినిక్‌కు వెళ్ళాడు. ఆయనేం రాశారు? ఒట్టి పారాసెటమాల్. డాక్టరంటే అలా ఉండాలి. తొంభై ఎనిమిది స్కోరు ఊరికే వస్తుందా?”

“మొండయ్యది ఏ పాలి?” అని వినోదను అడిగాను. ఇక్కడ షిఫ్టును పాలి అంటారు.

“రాత్ పాలి. ఏడింటి నుంచి పొద్దుగాల ఏడింటి దాక.”

“శనివారం ఏడూ యాభైకి అతను సాంచల ముందు ఉండాలి మరి, నీ ముందు కాదు.”

“కాసేపు బయటికొచ్చి ఉంటాడు,” అన్నాడు భానుప్రకాశ్.

“పన్నెండు సాంచలు ఒక్క మనిషి చూస్తాడు నాయనా. ఒక్క పోగు తెగితే గుడ్డ పాడవుతుంది. అలాంటివాడు క్లినిక్‌కు షికారు వస్తాడా?”

“ఊహలు కమిటీకి చెప్పుకోండి. నాలుగింటికి కలుద్దాం.” రిపోర్టు ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కార్ఖానా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. శనివారం మొండయ్య ఆరూ యాభై ఐదుకు లోపలికి వచ్చాడు, ఆదివారం ఉదయం ఏడుకు బయటికి వెళ్ళాడు, మధ్యలో గేటు దాటలేదు. గేటు రిజిస్టర్ ఫోటో కూడా పంపాడు. ఊహ కాస్తా సాక్ష్యమైంది. ఇక కావలసింది ఆ మందు మింగిన మనిషి.

పన్నెండూ ఇరవైకి మొండయ్య గదికి చేరాను. తాళం చెవి చిన్నవ్వ దగ్గర ఉంది. ఆ వరసలో ఉన్న కార్మికులందరికీ మెస్ నడిపి అన్నం పెట్టే ముసలావిడ. చేతికి పిండి అంటుకుని ఉండగానే వచ్చి తలుపు తీసింది.

“మా డాక్టరమ్మను తీసేస్తరంట నిజమేనా బిడ్డా?”

“అది తేల్చడానికే వచ్చానవ్వా. ఈ గదిలో ఎందరుంటారు?”

“ఇద్దరు. మొండయ్య రాత్ పాలి, చిరంజీవి దిన్ పాలి. ఒకడు లేస్తే ఒకడు పండుకుంటడు. మంచం చల్లారనే చల్లారదు.”

ఒకటే మంచం. గోడకు రెండు మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో సంచి. కిటికీ పక్కన చార్జరుకు ఒకే ఒక్క ఫోన్ వేలాడుతోంది.

“ఫోన్ ఎవరిది?”

“ఇద్దరిది. సాంచల మోతల ఫోన్ వినవడదు, సేటు లోపలికి తేనియ్యడు. గందుకే రూంలనే ఉంటది. ఊరి నుంచి ఫోనొస్తే ఎవడు పండుకుంటే వాడే ఎత్తుతడు.”

ఫోన్ నంబరు తీసి చీటీ మీదున్న నంబరుతో పోల్చాను. అంకె అంకె సరిపోయింది. చిన్నవ్వను సాక్షిగా నిలబెట్టి ఎడమ మేకు సంచి విప్పాను. చొక్కా, దువ్వెన, చిరంజీవి పేరున్న కార్ఖానా కార్డు. దాని కింద డైక్లోఫెనాక్ స్ట్రిప్. పది మాత్రల స్ట్రిప్‌లో రెండే మిగిలాయి.

వేళ్ళ మీద లెక్కపెట్టాను. శనివారం రాత్రి ఒకటి. ఆదివారం రెండు, సోమవారం రెండు. అంటే మొండయ్య పడిపోయేసరికి ఐదు అయిపోవాలి, ఐదు మిగలాలి. కానీ ఎనిమిది అయిపోయాయి. మంగళవారం రెండు, ఈ ఉదయం ఒకటి. ఐసీయూలో గొట్టంతో పడుకున్న మనిషి లేచి గదికొచ్చి మూడు మాత్రలు మింగి వెళ్ళాడా?

“అవ్వా, చిరంజీవి తిండికి ఎప్పుడొస్తాడు?”

“ఒంటి గంటకు.”

సరిగ్గా ఒంటిగంటకు అతను వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. కూర్చోబోతూ నడుం పట్టుకుని మూలిగాడు. స్ట్రిప్ చూపించగానే ముఖంలో రంగు పోయింది.

“గది నాదే అమ్మా. నడుం పట్టేసింది. శనివారం పాలి దిగంగనే దవాఖానకు పోయిన.”

“పేరేం చెప్పావు?”

“ప్రమీలక్క నంబర్ అడిగింది, చెప్పిన. కంప్యూటర్ల చూసి మొండయ్యనా అన్నది. ఆ అన్న.”

“నీ పేరు చిరంజీవి అయితే, మొండయ్యనా అంటే ఔనంటావా? బాగుందయ్యా వరస!”

“రూం మొండయ్య పేరు మీదనే గదమ్మా. కిరాయి కాయితం, గ్యాసు, సిమ్ము అన్ని ఆయన పేరు మీదనే. ఈడ ఎవలడిగినా మొండయ్య రూం అంటరు. రూం అడిగిందనుకొని ఆ అన్న. నేను జేసిన గలతికి డాక్టరమ్మ నౌకరీ పోతదా?”

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు కోపం వచ్చింది గానీ అతని మీద కాదు. నంబరు కొడితే మొదటి పేరు చూపించి ఊరుకునే కంప్యూటరు మీదా, దాన్ని నమ్మి ఇక్కడికి ఒక్కసారి కూడా రాని మా అందరి మీదా వచ్చింది. అందులో నేనూ ఉన్నాను.

“నాలుగింటికి వచ్చి ఈ మాటే చెప్తావా? సగం పాలి పోతుంది.”

“పోతే పోనీ. మా డాక్టరమ్మ కోసం రాకపోతే ఇంకెవలి కోసం వస్త?”

మొండయ్యకు రక్తం ఎందుకొచ్చిందన్నది మాత్రం ఇంకా తేలలేదు. కుడి మేకు సంచి దించాను. గుండె మాత్రల డబ్బా ఉంది. దాని పక్కన మూడు కాగితపు పొట్లాలు. ఒకటి విప్పాను. పేరూ ఊరూ లేని విడి మాత్రలు మూడు.

“ఇవెక్కడివి అవ్వా?”

“డిండోలికి పోయి తెచ్చుకుంటడు. వినోద గట్టి గోలి ఇయ్యదని ఆడికి పోయిండు. గా డాక్టరు చేతుల సోకితే చాలు నొప్పి పోతది అన్నడు.”

వంశీధర్ రాసింది ఒట్టి పారాసెటమాల్, మరి డిండోలిలో వేరే డాక్టర్లకు కొదవా? ఎవరో ఎలా తెలియాలి? పొట్లం మడతలు పూర్తిగా విప్పి కాగితం వెనక్కి తిప్పాను. చదివి, మళ్ళీ మడిచి, భద్రంగా కవర్లో వేసుకున్నాను. చిన్నవ్వ ఏమిటని అడిగితే కూడా చెప్పలేదు.

తర్వాత రెండు గంటలు ప్రమీల, నేను కలిసి ఫోన్ల మీద పడ్డాం. కలపకూడని మందులు కలిపిందని వినోద పేరు మీద పంతొమ్మిది తప్పులున్నాయి. మొండయ్యది పోను మిగిలిన పద్దెనిమిది నంబర్లకూ చేశాం. గదుల్లో నిద్రపోతున్నవాళ్ళు తిట్టుకుంటూ ఎత్తారు. ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగాం: ఈ ఫోన్ మీద ఎందరున్నారు, ఆ రోజు దవాఖానకు పోయిందెవరు?

నాలుగింటికి కమిటీ గదిలో సుబ్బరామయ్యగారు కళ్ళజోడు సర్దుకున్నారు. హజీరా ఫ్యాక్టరీల్లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై ఈ ట్రస్టు పెట్టిన పెద్దమనిషి. ఆయన ముందు సంతకం కాగితం, పక్కన పెన్ను. ఒకవైపు భానుప్రకాశ్, ఇంకోవైపు వినోద. తలుపు దగ్గర నడుం పట్టుకుని చిరంజీవి.

గేటు రిజిస్టర్ ఫోటో, స్ట్రిప్ టేబుల్ మీద పెట్టాను. రెండు మాత్రల లెక్క చెప్పాను. చిరంజీవి ముందుకొచ్చి, “గోలీలు నేనే మింగిన సార్. కావాలంటే మిగిలిన రెండు మీ ముంగటనే మింగుత,” అన్నాడు. సుబ్బరామయ్యగారు వద్దయ్యా అని చెయ్యెత్తారు.

“ఒక్క కేసు తప్పైతే రిపోర్టంతా తప్పవుతుందా?” భానుప్రకాశ్ లేచాడు. “ఇంకా పద్దెనిమిది ఉన్నాయి.”

“ఆ పద్దెనిమిదీ కూడా వెతికాం. పదిహేడు ఇలాంటివే. ఒకే ఫోన్, ఇద్దరు ముగ్గురు మనుషులు. నీ కంప్యూటరు దృష్టిలో ఒకడికే గుండెజబ్బు, ఒకడికే నడుంనొప్పి, ఒకడికే షుగరు. ఒక్కటి మాత్రం నిజంగా ఈవిడ తప్పే.”

“ఔ,” అంది వినోద వెంటనే. “గా పేషెంటును పిలిపించి మందు మార్చిన. ఇగ నుంచి పేరు అడగకుంట పెన్ను ముట్ట.”

“యాంటీబయాటిక్కుల్లో, సూదుల్లో ఈవిడ మొదటి నుంచీ అందరికంటే మెరుగు సార్,” అన్నాను. “ఈ ఒక్క లైను సరిచేస్తే అట్టడుగు నుంచి ఎక్కడికొచ్చిందో చూడండి.” సరిచేసిన పట్టిక ఆయన ముందు పెట్టాను. వినోద రెండో స్థానంలో ఉంది. సాంచల గల్లీ పిల్ల, రోజుకు తొంభై మందిని చూస్తూ, రెండో స్థానం!

“మొదటి స్థానం వంశీధర్ గారిదే కదండీ,” అన్నాడు భానుప్రకాశ్. ఓడిపోయినా ఆ ఒక్క మాట వదల్లేదు.

సుబ్బరామయ్యగారు పెన్ను పక్కకు జరిపారు. “అమ్మా పద్మినీ, ఇదంతా బాగానే ఉంది. ఆ మొండయ్యకు రక్తం ఎందుకొచ్చినట్టు?”

పొట్లం తీసి ఆయన ముందు విప్పాను.

“ఇది అతని సంచిలో దొరికింది. పసుపుది డైక్లోఫెనాక్. చిన్న తెల్లది స్టెరాయిడ్. మూడోది గ్యాసు మాత్ర. ల్యాబుకు కూడా పంపాను గానీ, మాత్ర మీద గుర్తులు నాకు కళ్ళు మూసుకుని తడిమినా తెలుస్తాయి. నొప్పి మాయమవుతుంది, లోపల కడుపు కోసుకుపోతుంది. ఇచ్చిన డాక్టరు కంప్యూటర్లో మాత్రం పారాసెటమాల్ అని ఎక్కించాడు. రాసింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి. నా పదో లైను తీసేసినందువల్ల ఇది ఎవరి కంటా పడలేదు.”

“ఎవరా డాక్టరు?”

“కాగితం వెనక్కి తిప్పండి సార్.”

ఆయన తిప్పి చదివారు. పొట్లం కట్టడానికి చింపిన కాగితం మా ట్రస్టుదే. ప్రతినెలా భానుప్రకాశ్ ఆఫీసు నుంచి క్లినిక్కులకు వెళ్ళే స్కోరు షీటు. చిరిగిన అంచున పచ్చరంగులో అంకె స్పష్టంగా ఉంది. తొంభై ఎనిమిది. ఆ నెల అంత స్కోరు వచ్చిన క్లినిక్ ఒక్కటే.

“వంశీధరా!” అన్నారు సుబ్బరామయ్యగారు.

భానుప్రకాశ్ నా మీద విరుచుకుపడతాడని సిద్ధంగా ఉన్నాను. అతను మాత్రం పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. మూడు మాత్రలూ ఒక్కొక్కటిగా తిప్పి చూశాడు.

“ఇవి... ఇలాంటివి మా ఇంట్లో ఉన్నాయి.”

“ఏమిటీ?”

“మా అమ్మ. మోకాళ్ళ నొప్పులు. పది రోజుల క్రితం నేనే తీసుకెళ్ళాను. మొదటి స్థానం కదా అని.” పొట్లం టేబుల్ మీద పెట్టేశాడు. “అమ్మ కూడా రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుందండీ. గుండె లయ తప్పుతోందని.”

“ఫోన్ చెయ్యి ముందు!” అని అరిచాను.

స్పీకర్లో నాలుగు రింగులకు వాళ్ళమ్మ వజ్రమ్మగారు ఎత్తారు. “ఏరా భానూ, ఈ వేళప్పుడు చేశావేం?”

“అమ్మా, ఆ పొట్లాలు వేసుకుంటున్నావా?”

“మధ్యాహ్నం కూడా వేసుకున్నానురా. మోకాళ్ళకి బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే పొద్దుట్నుంచి కళ్ళు తిరుగుతున్నాయి, లేవలేకపోతున్నాను.”

వినోద అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంది. “అమ్మా, దొడ్డికి పోతే నల్లగ వస్తుందా?”

“నిన్నట్నుంచి తారులా వస్తోందమ్మా. చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను. ఎవరు నువ్వు?”

“గోడాదరా క్లినిక్ డాక్టర్ వినోదను.”



“నువ్వా తల్లీ? నాలుగిళ్ళవాళ్ళూ నీ పేరే చెప్పారు. నీ దగ్గరికే వస్తానన్నాను. మావాడే, ఆవిడ దగ్గరికి మాత్రం వెళ్ళకే అమ్మా అన్నాడు.”

భానుప్రకాశ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వినోద అతని వైపు చూడను కూడా లేదు. సంచి భుజాన వేసుకుని అప్పటికే తలుపు దాటింది.

“ఇంకేం మింగకు అమ్మా. గడియ తీసి పెట్టి పండుకో. నేనే వస్తున్న,” అంటూ మెట్లు దిగుతోంది. తారులా నల్లగా వస్తోందంటే కడుపులో రక్తం కారుతున్నట్టే. నేను అంబులెన్సుకు ఫోన్ చేస్తూ భానుప్రకాశ్ రెక్క పట్టుకుని లేపాను.

“ఏడుపు తర్వాత. ముందు ఆవిడకు మీ ఇంటి దారి చూపించు, పద.”